మౌనానికి మూల్యం

వేసవిలో సంతకు వెళ్లిన వారికి మామిడిపండ్ల వ్యాపారి తప్పక ఎదురవుతాడు. పండు కోసి, ముక్క ఒకటి మన చేతిలో పెట్టి, "రుచి చూడండి, నచ్చితేనే తీసుకోండి" అంటాడు. పులుపు తగిలితే మనం ముందుకు సాగిపోవచ్చు. అతడు మన వెంట పడడు. మన జేబులో చేయి పెట్టడు. రుచి చూడటం వేరు, కొనడం వేరు. ఆ రెంటికీ నడుమ కొనుగోలుదారుడు "సరే, తూకం వేయి" అని నోరు తెరిచి చెప్పవలసిన ఘట్టం ఒకటి ఉంటుంది. ఆ మాట చెప్పనంతవరకు బేరం కుదరనట్లే.

నేడు సెల్‌ఫోను తెర మీద కూడా ఇటువంటి పిలుపులే వినవస్తున్నాయి. "ఏడు రోజులు ఉచితం", "మొదటి నెల ఒక్క రూపాయికే", "నచ్చకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు" అన్న ప్రకటనలు పాటలకూ, సినిమాలకూ, పాఠాలకూ, ఆటలకూ మనల్ని ఆహ్వానిస్తున్నాయి. పైకి చూస్తే ఇది మామిడిపండు ముక్క వంటిదే. అయితే ఇక్కడ చాలా సందర్భాల్లో రుచి చూపించడానికి ముందే వ్యాపారి మన డబ్బు సంచి తాడును తన చేతికి ఇమ్మంటాడు. గడువు ముగిసేలోగా మనం 'వద్దు' అని చెప్పకపోతే, 'కావాలి' అని చెప్పినట్లే లెక్క వేసుకుంటాడు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. ఈ వ్యాపారంలో మౌనం పూర్ణాంగీకారం. ఈ ఒక్క తేడాను గ్రహించకపోవడం వల్లనే ఎందరో తమకు తెలియకుండా సొమ్ము పోగొట్టుకుంటున్నారు.

ఒక ఇంటి ముచ్చట

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఆమె తండ్రి ఆటో నడుపుతాడు. ప్రవేశ పరీక్షకు నమూనా ప్రశ్నపత్రాలు అందించే ఒక యాప్ ఆమె కంటబడింది. ఏడు రోజులు ఉచితం. ఖాతాను సరిచూసుకోవడానికి ఒక్క రూపాయి చెల్లిస్తే చాలునని తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కిందనే, గడువు తరువాత మూడు నెలలకు 1,499 రూపాయలు తీసుకుంటామని చిన్న అక్షరాల్లో ఉంది. "ఒక్క రూపాయే నాన్నా" అని ఆమె అడిగింది. కూతురి చదువు కోసమే కదా అని తండ్రి తన ఫోనులో రహస్య సంఖ్య నొక్కాడు.

నాలుగు రోజులు ఆమె శ్రద్ధగా ప్రశ్నపత్రాలు రాసింది. తరువాత ప్రయోగ పరీక్షలు ముంచుకు వచ్చాయి. ఇక దానితో పని లేదని యాప్‌ను ఫోను నుంచి తొలగించింది. అంతటితో వ్యవహారం ముగిసిందని అనుకుంది. ఎనిమిదవ రోజున తండ్రి ఖాతా నుంచి 1,499 రూపాయలు వెళ్లిపోయాయి. అవి ఆటో మీద తీసుకున్న అప్పుకు నెలవాయిదా కట్టడానికి ఆయన దాచిన డబ్బులోనివి. వాయిదా నాటికి ఖాతాలో సొమ్ము చాలలేదు. దానికి బ్యాంకు వేసిన జరిమానా అదనపు భారమయింది. తన సొమ్మును ఎవరో అపహరించారని తండ్రి కలవరపడ్డాడు. కారణం తెలిసిన కూతురు భయంతో నోరు విప్పలేకపోయింది.

ఈ ఉదంతం కల్పితమే అయినా, ఇందులోని ప్రతి మెట్టూ మన ఇళ్లలో జరగడానికి వీలున్నదే. ఆ సొమ్మును ఎవరూ దొంగిలించలేదు. తండ్రి రహస్య సంఖ్య నొక్కిన క్షణంలోనే ఆ కోతకు అనుమతి లభించింది. ఒక రోజు ముందు హెచ్చరిక సందేశం కూడా వచ్చింది. కాని అది ఆంగ్లంలో, పదుల కొద్దీ ప్రకటనల సందేశాల నడుమ వచ్చి, ఎవరూ చదవకుండానే మిగిలిపోయింది.

చందా అర్థం మారిన తీరు

'చందా' అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. వార, మాస పత్రికలకు మన పెద్దలు ఏడాది చందా కట్టేవారు. మనియార్డరు ద్వారా డబ్బు పంపితే పత్రిక తపాలాలో ఇంటికి వచ్చేది. ఏడాది నిండగానే చందా ముగిసిందని పత్రికవారు గుర్తు చేసేవారు. చదువరి మళ్లీ తపాలా కార్యాలయానికి వెళ్లి డబ్బు పంపితేనే పత్రిక కొనసాగేది, పంపకపోతే ఆగిపోయేది. అంటే ఆ చందాలో మౌనానికి అర్థం 'వద్దు' అని.

మౌనానికి 'కావాలి' అన్న అర్థం కల్పించిన వ్యాపార పద్ధతి కూడా ఈనాటిది కాదు. అమెరికాలో 1926లో మొదలైన 'బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్' దీనికి ప్రాచుర్యం కల్పించిన సంస్థల్లో ఒకటి. ఫలానా పుస్తకం పంపబోతున్నామని సంస్థ ముందుగా సభ్యులకు తెలిపేది. వద్దని గడువులోగా తిరుగు జాబు రాయనివారికి పుస్తకమూ, దానితోపాటు బిల్లూ చేరేవి. జాబు రాయడానికి బద్ధకించేవారు, మరచిపోయేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ మరపే సంస్థలకు ఆదాయమయింది. చివరకు 1973లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి పథకాలకు నిబంధనలు విధించింది. షరతులను స్పష్టంగా చెప్పాలనీ, నిరాకరించడానికి సభ్యునికి కనీసం 10 రోజుల వ్యవధి ఇవ్వాలనీ ఆదేశించింది.

నాటి సంస్థ పుస్తకం పంపి డబ్బు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. నేటి సంస్థకు ఆ నిరీక్షణ లేదు. గడువు తీరగానే సొమ్ము దానంతట అదే ఖాతా నుంచి వెళ్లిపోతుంది. పద్ధతి పాతదే, దాని చేతికి చిక్కిన సాధనం కొత్తది.

ముందస్తు అనుమతి పనిచేసే విధం

ఆ సాధనం పేరు ఇ-మాండేట్. దీన్నే సాధారణంగా 'ఆటోపే' అంటున్నాం. నిర్ణీత కాలానికొకసారి ఫలానా సంస్థకు ఫలానా మొత్తం చెల్లించమని మనం బ్యాంకుకు ముందుగానే ఇచ్చే అనుమతి ఇది. కార్డుల మీద ఇటువంటి చెల్లింపులకు భారతీయ రిజర్వు బ్యాంకు 2019లో నియమావళి ప్రకటించింది. యూపీఐ ద్వారా ఆటోపే సౌకర్యం 2020లో అందుబాటులోకి వచ్చింది. విద్యుత్ బిల్లు, బీమా వాయిదా వంటి వాటికి ఇది ఎంతో ఉపయుక్తమైన ఏర్పాటు. అయితే ఉచిత ఆశ చూపి అనుమతి పుచ్చుకునే సంస్థలకూ ఇదే మార్గమవుతున్నది.

అనుమతి ఇచ్చే సమయంలో తెర మీద నాలుగు సంగతులు కనిపిస్తాయి: సొమ్ము ఎవరికి వెళుతుంది, ఎంత కాలానికొకసారి వెళుతుంది, అనుమతి ఎప్పటివరకు చెల్లుతుంది, ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు. ఈ నాలుగింటిలో చివరిది అత్యంత ముఖ్యమైనది. ఇవాళ చెల్లించేది ఒక్క రూపాయే కావచ్చు. గరిష్ఠ పరిమితి మాత్రం వేలల్లో ఉండవచ్చు. వామనుడు అడిగింది మూడడుగుల నేలే. ఆ అడుగు ఎంతవరకు సాగుతుందో తెలియక దానం పట్టిన బలి చక్రవర్తికి అనంతరం ఏమీ మిగల్లేదు. రహస్య సంఖ్య నొక్కే ముందు మనం చూడవలసింది నేటి రూపాయిని కాదు, రేపటి పరిమితిని.

రిజర్వు బ్యాంకు కల్పించిన రక్షణలు

వినియోగదారుని కాపాడటానికి రిజర్వు బ్యాంకు నియమావళిలో కొన్ని రక్షణలు ఉన్నాయి. మొదటిది, అనుమతిని నమోదు చేసేటప్పుడు ఖాతాదారుని గుర్తింపును అదనపు ధ్రువీకరణతో నిర్ధారించాలి. ఓటీపీ, రహస్య సంఖ్య వంటివి అందుకోసమే. రెండవది, సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారునికి సందేశం పంపాలి. సంస్థ పేరు, మొత్తం, తేదీ అందులో ఉండాలి. మూడవది, ఆ సందేశం అందిన తరువాత ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం అనుమతినైనా నిలిపివేసే అవకాశం ఖాతాదారునికి ఉండాలి. నాల్గవది, ఇచ్చిన అనుమతిని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఉపసంహరించుకునే హక్కు ఉండాలి.

వీటిలో ఒక పరిమితిని గమనించాలి. నమోదు తరువాత జరిగే ప్రతి చెల్లింపుకూ ఓటీపీ అవసరం ఉండదు. మొదట 2,000 రూపాయలుగా ఉన్న ఈ మినహాయింపును రిజర్వు బ్యాంకు క్రమంగా పెంచి, 2022 జూన్‌లో 15,000 రూపాయలు చేసింది. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లు చెల్లింపులకు 2023 డిసెంబరులో లక్ష రూపాయలకు పెంచింది. వినోదం, విద్య వంటి యాప్‌ల చందాలు సాధారణంగా 15,000 రూపాయల లోపే ఉంటాయి. కనుక వాటికి ప్రతిసారీ మన ఫోనుకు ఓటీపీ వస్తుందనీ, అది చెప్పకపోతే సొమ్ము పోదనీ అనుకోవడం పొరపాటు. 24 గంటల ముందు వచ్చే సందేశమే మనకు ఆఖరి మేలుకొలుపు.

చందా ఉచ్చు

చేరే దారి రాజమార్గంలా, బయటపడే దారి ముళ్లబాటలా ఉండటం ఈ వ్యాపారంలో తరచుగా కనిపించే లక్షణం. చేరడానికి ఒక్క మీట చాలు. మానుకోవాలంటే ఆ మీట ఎక్కడ ఉందో వెతకాలి. వెతికి పట్టుకున్నా "మీరు నిజంగా మమ్మల్ని విడిచి వెళతారా?" అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. 'ఉంటాను' అన్న మాట పెద్దగా, రంగుల్లో మెరుస్తుంది. 'వద్దు' అన్న మాట మసకగా, మూలన దాగి ఉంటుంది. వినియోగదారుణ్ణి మభ్యపెట్టే ఇటువంటి తెర అమరికలను 'డార్క్ ప్యాటర్న్‌లు' అని పిలుస్తున్నారు.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని అరికట్టడానికి మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను పేర్కొన్నది. వాటిలో ఒకటి 'చందా ఉచ్చు'. రద్దు చేసుకునే పద్ధతిని అసాధ్యంగానో, జటిలంగానో మార్చడం, రద్దు మీటను దాచడం, రద్దుకు సంబంధించిన సూచనలను అస్పష్టంగా ఉంచడం దీని కిందికి వస్తాయి. అంతేకాదు, ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలనో ఆటోపే అనుమతినో ఇవ్వక తప్పదని నిర్బంధించడం కూడా ఈ ఉచ్చులో భాగమేనని మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఉచిత కాలం ముగిసి రుసుముల చందాగా మారే సంగతిని వినియోగదారునికి తెలపకపోవడాన్ని కూడా అవి వేరొక శీర్షిక కింద తప్పుపట్టాయి. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం వినియోగదారుని సమ్మతి స్పష్టమైన చర్య ద్వారా వ్యక్తం కావాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను సమ్మతిగా స్వీకరించరాదు.

అంటే మౌనాన్ని అంగీకారంగా మార్చుకునే వ్యాపార నీతిని చట్టం సమ్మతించడం లేదు. అయినా చట్టం ప్రతి ఇంటి తెర ముందూ కాపలా కూర్చోలేదు. తన హక్కు తనకు తెలిసినవానికే చట్టం అండగా నిలుస్తుంది.

వినియోగదారుడు పాటించవలసిన జాగ్రత్తలు

చందాలో చేరకముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఉచిత కాలం ముగిసేది ఏ తేదీన? ఆ తరువాత చెల్లించవలసింది ఎంత, నెలకా, ఏడాదికా? మానుకోవాలంటే ఏ మార్గంలో వెళ్లాలి? నెలకు ఇంత అని పెద్ద అక్షరాల్లో చూపి, ఏడాది మొత్తాన్ని ఒకేసారి తీసుకునే పథకాలు ఉన్నాయి. అందుచేత రెండవ ప్రశ్న విషయంలో మరింత అప్రమత్తత అవసరం. ఈ మూడింటికీ సమాధానం దొరకని చోట చేరకపోవడమే క్షేమం.

చేరిన రోజునే రద్దు తేదీని రాసుకోవాలి. గడువు తీరే రోజును కాక, దానికి రెండు రోజుల ముందు తేదీని గోడ క్యాలెండరు మీదనో, ఫోను అలారంలోనో గుర్తు పెట్టుకోవాలి. ఆపిల్ యాప్ స్టోర్‌లో తీసుకున్న ఉచిత చందాను గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయమని ఆ సంస్థ సూచిస్తున్నది. చివరి నిమిషం వరకు ఆగేవారు ఇక్కడనే నష్టపోతారు. చేరిన వెంటనే రద్దు చేసినా గడువు చివరి దాకా సేవ అందించే సంస్థలు ఉన్నాయి. తక్షణమే నిలిపివేసేవీ ఉన్నాయి. ఏది ఏ విధమో షరతుల్లో చూసుకోవాలి.

యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదు. మనం ఊహించుకున్న విద్యార్థిని చేసిన పొరపాటు ఇదే. గదికి తాళం వేసి వచ్చేస్తే అద్దె ఆగిపోదు; ఖాళీ చేస్తున్నామని యజమానికి చెప్పాలి. గూగుల్ ప్లే స్టోర్‌లో మన ఖాతా బొమ్మను తాకితే చెల్లింపులు, చందాలు అన్న విభాగం కనిపిస్తుంది. ఐఫోనులో సెట్టింగ్స్‌లో మన పేరును తాకితే చందాల జాబితా వస్తుంది. అక్కడ రద్దు చేయాలి. సంస్థ వెబ్‌సైటులో నేరుగా చేరి ఉంటే ఆ వెబ్‌సైటులోనే రద్దు చేసుకోవాలి.

చందాను రద్దు చేసిన తరువాత ఆటోపే అనుమతిని కూడా తొలగించాలి. యూపీఐ యాప్‌లలో ఆటోపే లేదా మాండేట్ల విభాగంలో మనం ఇచ్చిన అనుమతులు కనిపిస్తాయి. కార్డు మీద ఇచ్చినవాటిని బ్యాంకు ద్వారా రద్దు చేసుకోవచ్చు. ఈ రెండు పనులూ వేరువేరు. మొదటిది సంస్థకు 'వద్దు' అని చెప్పడం; రెండవది బ్యాంకుకు 'ఇవ్వవద్దు' అని చెప్పడం. రెండూ చేసి, రద్దయినట్లు వచ్చిన సందేశాన్ని భద్రపరచుకోవాలి. వివాదం తలెత్తితే అదే సాక్ష్యం.

పద్దెనిమిదేళ్లు నిండనివారు

జూనియర్ కళాశాల విద్యార్థుల్లో చాలామందికి 18 ఏళ్లు నిండి ఉండవు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని మొహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ వ్యాజ్యంలో 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అయితే తండ్రి ఫోనులో, తండ్రి ఖాతా మీద, తండ్రే రహస్య సంఖ్య నొక్కితే మాట ఇచ్చింది ఆయనే అవుతుంది. చదువుకున్న బిడ్డ చెప్పిన మాటను నమ్మి ఆయన ఆ సంఖ్య నొక్కుతాడు. కనుక చిన్న అక్షరాలను చదివి వినిపించవలసిన బాధ్యత ఆ బిడ్డ మీదనే ఉంటుంది. పెద్దలకు తెలియకుండా వారి రహస్య సంఖ్యను వాడటం ఎంత స్వల్ప మొత్తానికైనా తగని పని.

సొమ్ము పోయిన తరువాత

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదంటారు. అయినా ఇక్కడ చేయదగిన పనులు కొన్ని మిగిలే ఉంటాయి. ముందుగా చందాను, అనుమతిని వెంటనే రద్దు చేసి, తరువాతి కోతను ఆపాలి. పిమ్మట సంస్థకు రాతపూర్వకంగా రాసి సొమ్ము వాపసు అడగాలి. సేవను వాడుకోలేదన్న సంగతినీ, సొమ్ము పోయిన తేదీనీ స్పష్టంగా తెలపాలి. అడిగిన ప్రతివారికీ సొమ్ము తిరిగి రాకపోవచ్చు. అడగనివారికి రాదన్నది మాత్రం నిశ్చయం.

సంస్థ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తెలుగుతో సహా 17 భాషల్లో మాట్లాడే వీలున్నది. అప్పటికీ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. రద్దు చేసిన అనుమతి మీద బ్యాంకు సొమ్ము ఇచ్చినా, ముందస్తు సందేశం పంపకపోయినా బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అసలు అనుమతే ఇవ్వని సొమ్ము పోతే అది మోసం. అప్పుడు ఆలస్యం చేయకుండా బ్యాంకుకూ, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ తెలపాలి.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. అది ఇంట్లో చెప్పడం. మనం ఊహించుకున్న విద్యార్థిని ఆ సాయంత్రమే జరిగింది చెప్పి ఉంటే, తండ్రికి దొంగ భయం తప్పేది. మూడు నెలల తరువాత జరగబోయే రెండవ కోతను ఇద్దరూ కలిసి ఆపేవారు. భయంతో వహించిన మౌనం నష్టాన్ని రెట్టింపు చేస్తుంది. పొరపాటు చేయడం తప్పు కాదు. దాన్ని దాచడం వల్లనే అది అప్పుగా పెరుగుతుంది.

ఉచితంగా లభించేదంతా మోసమని భావించనక్కరలేదు. నిజాయితీగా రుచి చూపించే సంస్థలు ఉన్నాయి. వాటివల్ల మేలు పొందిన విద్యార్థులూ ఉన్నారు. నచ్చినదాన్ని ధర తెలిసి కొనడం వివేకమే. కాని ఆ నిర్ణయం మన నోట వెలువడాలి, మన మరపు నుంచి కాదు. కావలసినదానికి 'కావాలి' అనీ, అక్కరలేనిదానికి 'వద్దు' అనీ సకాలంలో చెప్పగలగడమే వినియోగదారుని చైతన్యం. ఆ ఒక్క మాట పలకడానికి ఖర్చు లేదు. పలకకపోతే మాత్రం ఆ మౌనానికి మూల్యం చెల్లించక తప్పదు.